రోడ్డు అక్కర్లేని బండి

యుద్ధం అయిపోయింది. యుద్ధానికి బళ్లు చేసే కర్మాగారం మాత్రం అలాగే ఉంది. అందులో ఎనిమిది వందల మంది పనివాళ్లు. వాళ్ల చేతులకు ఆ ఒక్క బండి చేయడమే వచ్చు. పెద్దలు కూర్చుని ఆలోచించి, ఇకమీదట అదే బండిని జనం కోసం చేయమన్నారు.

తుపాకీ బిగించే ఇనుప కాలు తీసేశారు. చెక్క బల్లలు పీకి మెత్తని సీట్లు వేశారు. ఆకుపచ్చ రంగు మానేసి పసుపు పూశారు. ఇంజను, చక్రాలు, చట్రం ముట్టుకోలేదు. సైన్యం డ్రైవర్లకిచ్చిన పుస్తకంలో మొదటి వాక్యం, 'ఈ బండికి రోడ్డు అక్కర్లేదు' అని ఉండేది. కొత్త ప్రకటనల్లోనూ అదే వాక్యం వేశారు. పక్కన నవ్వుతున్న ఒక కుటుంబం బొమ్మ కలిపారు.

పైడినాయుడు పదకొండేళ్లు ఆకుపచ్చ బండి నడిపాడు. యుద్ధం ముగిశాక ఇంటికి పొమ్మన్నారు. కొండ కింద ఆసుపత్రి వాళ్లు ఒక పసుపు బండి తెప్పించుకుని, నడపడం తెలిసినవాడు కావాలంటే వెళ్లాడు. స్టీరింగు పట్టుకోగానే చేతులకు అంతా గుర్తొచ్చింది. అతనికి మాత్రం తను ఏ పనిలో చేరాడో సరిగ్గా అర్థం కాలేదు.

కొండమీది ఊళ్లనుంచి రోగుల్ని కిందికి తేవడం అతని పని. మొదటిరోజు పై ఊరికి వెళ్లేసరికి వీధిలో ఒక్కరూ లేరు. ఒక ఇంటి ముందు పొయ్యి మీద అంబలి పొంగి పోతోంది, దించేవాళ్లు లేరు. బండి మలుపు తిరిగితే గానీ రంగు కనబడదు. చప్పుడు అంతకు ముందే ఊళ్లోకి వెళ్లింది. జనం అడవిలోకి పారిపోయారు.

ఒక్క ముసలామె గుమ్మంలో నిలబడి ఉంది. పేరు సన్యాసమ్మ. కోడలు చిలకమ్మ ఏడో నెల గర్భిణి, పరుగెత్తే స్థితిలో లేదు. అందుకని అత్త కూడా ఆగిపోయింది.

"అదే బండా బాబూ?" అంది.

"కాదమ్మా. ఇది ఆసుపత్రిది."

"చప్పుడు అదే."

"ఇంజను అదే. మిగతాదంతా మార్చారు."

ఆమె అతని ముఖంలోకి చూసింది. "మరి నువ్వు?"

పైడినాయుడికి సైన్యంలో ఉన్నప్పటి సంగతి గుర్తొచ్చింది. ఒక వానాకాలం ఇలాంటి కొండమీదే ఒక రాతిగట్టు అడ్డొచ్చింది. గట్టు అవతల వెన్నులు వేసిన చోడి చేను, రాగి పంట. అధికారి పోనివ్వమన్నాడు, అతను పోనిచ్చాడు. వెనకాల ఇంకో ఐదు బళ్లు అదే జాడలో వచ్చాయి. ఆ ఊరు ఇదో కాదో అతనికి తెలియదు. ఆ సీట్లోంచి చూస్తే అన్ని చేలూ ఒకేలా ఉండేవి.

రెండు నెలలు గడిచాయి. జనం పారిపోవడం మానేశారు, బండి ఎక్కడం మాత్రం మొదలుపెట్టలేదు. ఒక మధ్యాహ్నం పై ఊరి మనిషి ఒకడు ఆసుపత్రికి పరుగెత్తుకొచ్చాడు. చిలకమ్మకు పొద్దుటినుంచీ నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగిందని, తన వల్ల కాదని మంత్రసాని చెప్పేసింది.

పైడినాయుడు వెళ్లి అత్తనీ కోడలినీ ఎక్కించుకున్నాడు. దిగి వస్తుంటే రెండో మలుపు దగ్గర దారి లేదు. అతను పైకెళ్లిన తర్వాత కొండచరియ విరిగి రోడ్డుకు అడ్డంగా పడింది. పక్కన రాతిగట్టు. గట్టు అవతల మెట్లు మెట్లుగా మూడు మళ్లు చోడి చేను, కోతకొచ్చి ఉంది. దాని దిగువన మళ్లీ రోడ్డు కనబడుతోంది.

గట్టు దగ్గర బండి ఆగింది. ఇంజను తిరుగుతూనే ఉంది.

"ఎందుకాపీసావు?" అంది సన్యాసమ్మ.

"ఎవరిదో చేను."

"నాదే."

"గట్టు పోతుంది. పంట పోతుంది."

"ఆ రోజు ఆగలేదు గదా బాబూ."

అందులో కోపం ఉందో వేడుకోలు ఉందో అతనికి అంతుపట్టలేదు. అయితే ఈ చేనే అన్నమాట. లేదా, ఈమె చూసింది మరెవరి బండినో.

"వెళ్లమని చెప్పమ్మా. నువ్వు చెబితే వెళ్తాను."

"అప్పుడూ ఎవుడో చెప్పే ఉంటాడు," అంది ఆమె.

అతని కాలు కదల్లేదు. వెనక సీట్లో చిలకమ్మ పళ్లు బిగించి మూలుగుతోంది. సన్యాసమ్మ బండి దిగింది. గట్టు దగ్గరకెళ్లి ఒక రాయి తీసి పక్కన పెట్టింది. ఇంకోటి తీసింది. పైడినాయుడు కూడా దిగి పెద్ద రాళ్లు దొర్లించాడు. బండి పట్టేంత సందు కాగానే ఇద్దరూ ఎక్కారు. కడుపుతో ఉన్న మనిషి కుదుపుకు గురికాకుండా, ఒక్కో మెట్టూ చాలా మెల్లగా దించాడు. చక్రాల కింద చోడి కర్రలు విరిగే చప్పుడు అతనికి ఇంజను చప్పుడు కంటే పెద్దగా వినబడింది.

సాయంత్రానికి ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా దక్కారు.

సన్యాసమ్మ మర్నాడే నడిచి ఊరెళ్లిపోయింది. పది రోజులకు రోడ్డు బాగుచేశారు. పైడినాయుడు చిలకమ్మనూ బిడ్డనూ ఇంటి దగ్గర దించి, నేరుగా చేను దగ్గరకు వచ్చాడు. బండి దిగాక ఇరుపక్కలా జారి కూలిన గట్టును సన్యాసమ్మ ఒంటరిగా పేరుస్తోంది. అతనూ సందులోంచి చేలోకి దిగి రాళ్లందించాడు. ఎండ నెత్తిమీదికొచ్చేదాకా పని సాగింది.

గట్టు పూర్తయింది. ఒక్క చోట మాత్రం సన్యాసమ్మ బండి పట్టేంత ఖాళీ వదిలేసింది.

"ఇక్కడ మూయవా?" అన్నాడు.

ఆమె ఒక వెదురు తడిక ఈడ్చుకొచ్చి ఆ ఖాళీలో నిలబెట్టింది. కట్టుతాడు చేను వైపుకు ఉంది.

"మళ్లీ అవసరం పడితే?"

"వచ్చి హారన్ కొట్టు."

"తీస్తావా?"

"ఎవులొచ్చారో చూడాల గదా," అంది ఆమె.

తాడు రెండు చుట్లు చుట్టి, గట్టిగా ముడేసింది. తర్వాత కొడవలి తీసుకుని, నిలిచి ఉన్న చోడి వైపు నడిచింది. పైడినాయుడు వెళ్దామని తిరిగి చూశాడు. బండి తడిక అవతల ఉంది. అతను ఇవతల ఉన్నాడు. ఆమె మరిచిపోయి మూసిందో, తెలిసే మూసిందో అతనికి అర్థం కాలేదు. ముడి మీద చెయ్యి వేసి, విప్పకుండా అలాగే నిలబడ్డాడు.