అధికారిగారి గుజ్జనగూళ్లు

పూర్వం ఒక రాజ్యంలో బాటసారుల సత్రానికి పేరిందేవి వంట చేసేది. కట్టెల అధికారి మార్తాండయ్య బొమ్మ వంటశాల ఒకటి చేయించి, నాలుగు పుల్లలతో పిడికెడు బియ్యం ఉడికించి, సత్రానికి సగం కట్టెలు చాలని రాజుగారికి లెక్క చెప్పాడు.

"అయ్యా, వానాకాలపు తడికట్టె, ఎదురుగాలి మీ బొమ్మలో లేవే! సగంమంది పస్తుంటారు," అంది పేరిందేవి.

"నమూనాలో ఉడికింది కదమ్మా, నీ దగ్గరా ఉడకాలి," అన్నాడాయన.

మర్నాడు రాజుగారితో కలిసి ఆయన సత్రంలో భోజనానికి కూర్చున్నాడు. పేరిందేవి దేవుడికి దణ్ణం పెట్టుకుని అందరికీ వడ్డించింది. ఆయన విస్తట్లో మాత్రం లక్కపిడతెడు అన్నం పెట్టింది.

"ఇదేమిటి?"

"మీ నమూనాలో వండిన గుజ్జనగూళ్లు బాబూ. తిని, కడుపు నిండిందనాలి. పిల్లల ఆటలో అంతేగా!"

"ఆటలో నిండితే నిజంగా నిండుతుందటమ్మా?" అని కసిరాడు మార్తాండయ్య. అని, నాలుక్కరుచుకున్నాడు.

రాజుగారు పకపకా నవ్వి, "కట్టెలు ఎప్పటిలాగే పంపించండి," అన్నారు.

పేరిందేవి వేడన్నం, నెయ్యి తెచ్చింది. మార్తాండయ్య మూడోసారి మారు అడిగితే, "మీ నమూనాలో ఇంత ఆకలి లేదే బాబూ!" అంటూ నిండుగా వడ్డించింది.