పెదాలు కదిపితే చాలన్న సువార్తమ్మ

అనగనగా గోదారి లంకలో ఓ ఊరుంది బంగారూ. దుప్పటి తన్నకుండా విను మరి. ఆ ఊళ్ళో తాటాకు కప్పిన ప్రార్థన మందిరం ఒకటుంది. అందులో పాట ఎత్తుకునేది సువార్తమ్మ. ఆవిడ మొదలుపెడితే మిగతావాళ్ళు వెనకాల అందుకునేవారు. అబ్బ, ఏం గొంతు తల్లీ! రేవులో పడవవాళ్ళు తెడ్డు ఆపి మరీ వినేవారట.

గొంతు దేవుడిచ్చాడు. పొగరు మాత్రం ఆవిడే పెంచుకుంది. ముందు చాప మీద తన పక్కన ఎవరు కూర్చోవాలో కూడా ఆవిడే చెప్పేది.

ఆవిడకో తోడికోడలు, పేరు దీవెనమ్మ. మెత్తని మనిషి. పాటంటే ప్రాణం, కానీ పాపం శ్రుతి కుదిరేది కాదు. కూర తరుగుతున్నా, పేడ ఎత్తుతున్నా ఏదో ఒక కూనిరాగం తీస్తూనే ఉండేది.

ఒక క్రిస్మస్ రోజున దీవెనమ్మ మందిరంలో గొంతెత్తి పాడింది. అప్పుడు సువార్తమ్మ చటుక్కున వెనక్కి తిరిగింది. "నువ్వు పెదాలు కదుపు, చాల్లే. దేవుడు మనసు చూస్తాడు," అంది. చూశావా, తన పొగరుకి దేవుణ్ణి సాక్ష్యం తెచ్చుకుంది! దీవెనమ్మ "అలాగే అక్కా" అని పెదాలు కదిపి ఊరుకుంది.

ఆ తర్వాత దీవెనమ్మకి లేకలేక ఆడపిల్ల పుట్టింది. బిడ్డని ఉయ్యాల్లో వేసే రోజు జోలపాట ఎత్తుకుంది. "అయ్యో, పిల్ల జడుసుకుంటుందే!" అని సువార్తమ్మ ఆ పాట లాగేసుకుని తనే పాడింది. చుట్టాలంతా నవ్వారు. దీవెనమ్మ కూడా నవ్వింది. తల్లి పాడే జోలపాటమ్మా అది! ఎవరైనా లాక్కుంటారా?

ఆ తర్వాత కోతపండుగ వచ్చింది. సువార్తమ్మ ముస్తాబయ్యి రావడం ఆలస్యమైంది. అప్పుడు పాస్టరయ్యగారు, "దీవెనమ్మా, ఇవాళ నువ్వెత్తుకో తల్లీ," అన్నారు. దీవెనమ్మ లేచింది. నోరు తెరిచింది. అంతలో సువార్తమ్మ గుమ్మంలోంచే పాట ఎత్తుకుంటూ వచ్చేసింది. దీవెనమ్మ మళ్ళీ కూర్చుంది. ఆ రోజు నుంచి ఇంట్లో కూనిరాగం కూడా మానేసింది. సువార్తమ్మ అది గమనించనైనా లేదు.

కొన్నేళ్ళకి దీవెనమ్మకి పచ్చకామెర్లు వచ్చాయి. పసరు పోయించారు, పట్నం ఆసుపత్రికీ తిప్పారు. మనిషి చిక్కి శల్యమైంది. ఒక సాయంత్రం సువార్తమ్మ వెళ్ళి మంచం పక్కన కూర్చుని పాట పాడింది. ఎంత బాగా పాడిందో! పాటయ్యాక దీవెనమ్మ మెల్లిగా అడిగింది.

"అక్కా, అక్కడ దేవుడి దగ్గరైనా నన్ను పాడనిస్తారంటావా?"

ఎత్తిపొడుపు కాదమ్మా అది. నిజంగా తెలీకే అడిగింది. సువార్తమ్మ గబుక్కున ఆమె కాళ్ళ దగ్గరికి జరిగింది. "పాడవే నా తల్లీ, ఇప్పుడే పాడు. నువ్వెత్తుకో, నేను నీ వెనక అందుకుంటాను," అని తనకన్నా చిన్నదాని కాళ్ళు పట్టుకుంది. దీవెనమ్మ పాడబోయింది. గొంతు రాలేదు. ఒట్టి పెదాలు కదిలాయి. మర్నాడు పొద్దున్నే పోయింది.

ఆ తర్వాత సువార్తమ్మ ముందు చాప వదిలేసి గుమ్మం దగ్గర కూర్చునేది. ఎవరి గొంతు ఎలా ఉన్నా సరే, "నువ్వెత్తుకోవే అమ్మా," అని బతిమాలేది. అందరూ పాడారు. ఆవిడ వినాలనుకున్న గొంతొక్కటే లేదు. "ఆ మాట అనకపోతే నా సొమ్మేం పోయేది?" అని తలుచుకుని తలుచుకుని ఏడ్చేది. ఏడిస్తే పోయిన మనిషి వస్తుందా?

ఏంటి? దేవుడు దీవెనమ్మని పాడనిచ్చాడా అంటావా? ఎందుకు పాడనివ్వడే పిచ్చితల్లీ! "ఇన్నాళ్ళూ నీ పాట కోసమే చూస్తున్నానమ్మా," అని ఉంటాడు. ఆయన విన్నాడు. సువార్తమ్మకే ఆ పాట దక్కలేదు.

కథేమో కంచికి,
కునుకేమో కంటికి,
మనమేమో ఇంటికి.