ఇసుక పీత వాకిట్లో ఉండలు

ఒకప్పుడు సముద్రపు ఒడ్డున ఇసుక, పొద్దున్నే ఎవరో ఊడ్చిపెట్టినట్టు నున్నగా ఉండేది. ఇసుక పీతల బొరియల ముందు ఒక్క ఉండ కూడా కనిపించేది కాదు.

ఇసుక పీతలు తినేది ఇసుకే. ఇసుకని నోట్లో వేసుకుని, అందులో రుచి అంతా పీల్చేసి, మిగిలిన పిప్పిని చిన్న ఉండ చేస్తాయి. ఆ రోజుల్లో ఆ ఉండని అల దాకా పట్టుకెళ్ళి నీళ్ళలో పడేసి రావాలి. ఎక్కడపడితే అక్కడ ఉమ్మేస్తే పరువు తక్కువ. పీతలు అంత మర్యాదస్తులు మరి!

అలాంటి మర్యాదస్తుల్లో పోలయ్య ఒకడు. ఒళ్ళు గోరంత, మాటలు కొండంత. నల్ల రాళ్ళ గుట్టకి ఇవతల, ఇసుకలో ఉండేది అతని బొరియ. ఖాళీ దొరికినప్పుడల్లా పడవ నీడలో కూర్చుని జాలర్ల మాటలు వినేవాడు.

"కొండకొమ్ము, తాడిచెట్టు ఒక వరసలోకి వచ్చాయంటే మన రేవు వచ్చేసినట్టే" అని వాళ్ళు అనుకోవడం ఒకసారి విన్నాడు. అంతే, దారుల విద్య అంతా తనకి వచ్చేసిందనుకున్నాడు.

ఒక చలికాలం పొద్దున సన్నాసి వచ్చాడు. సన్నాసి కూడా పీతే. కాకపోతే బొరియ తవ్వుకోడు. ఖాళీ గుల్లలో దూరి, దాన్నే ఇల్లు చేసుకుని వీపున మోసుకు తిరుగుతాడు.

"బావా, ఇల్లు ఇరుకైపోనాది. కాళ్ళు ముడుసుకున్నా పట్టట్లేదు. ఈ రాళ్ళకవతల పెద్ద పెద్ద గుల్లలు కొట్టుకొస్తాయంట. దారి నీకు తెలుసునేటి?" అని అడిగాడు.

పోలయ్యకి తెలీదు. ఆ రాళ్ళ మొదట్లోకి కూడా ఎప్పుడూ వెళ్ళలేదు. "తెలీదు" అన్న మాట గొంతు దాకా వచ్చింది కానీ, నోరు దాన్ని బయటికి రానివ్వలేదు.

"నాకు తెల్దేటి! కళ్ళు మూసుకుని తీసుకెల్తాను, పద. అయినా ఇల్లు నెత్తినెట్టుకుని ఊరు తిరగడం నీకే సెల్లింది!" అన్నాడు.

"పోటు ఎక్కీలోగా వచ్చీగలమా బావా?"

"నానున్నాను కదా!"

పోటు మాట చిన్న మాట కాదు. సముద్రం ముందుకి పొంగే వేళకి ఇసుక పీత తన బొరియలో దూరి, పైన ఇసుకతో తలుపు మూసేసుకోవాలి. బయట చిక్కిందా, చేపలకి ఫలహారమే. ఆ సంగతి పోలయ్యకి బాగా తెలుసు. అయినా బుగ్గల నిండా ఇసుక కుక్కుకుని, అదే సద్ది అనుకుని బయల్దేరాడు.

రాళ్ళు రాళ్ళలా లేవు. కొన్ని రంపం పళ్ళలా ఉన్నాయి, కొన్ని పాచి పట్టి జారుతున్నాయి. ఉత్తరపు గాలి ఈలలు వేస్తోంది. పోలయ్య కాళ్ళన్నీ టకటకా వణికాయి.

"సలేస్తందా బావా?" అంది గాలి, వరస కలుపుతూ.

"సలి కాదు, హుషారు" అన్నాడు పోలయ్య.

కొంచెం దూరం వెళ్ళాక ఒక రాతి మీద తెల్లకొంగ ఒంటికాలి మీద నిలబడి కునుకు తీస్తోంది. "సన్నాసీ, గుర్తెట్టుకో. ఈ తెల్లకొంగ కాడ ఎడం పక్కకి తిరగాల!" అన్నాడు పోలయ్య.

ఇంకొంచెం దూరంలో ఒక పెద్ద రాయి నీడ ముక్కులా సాగి ఉంది. "ఈ ముక్కు ఎటు సూపెడితే అటు!"

రాళ్ళ మధ్యన ఒక గుంటలో నీళ్ళు తళతళలాడుతున్నాయి. "ఈ గుంట కాడ కిందకి దిగాల!"

సన్నాసి బుద్ధిగా తలూపుతూ వచ్చాడు.

ఈలోగా పోలయ్య నోట్లో ఒక ఉండ తయారైంది. దాన్ని పడేయాలంటే అల దాకా దిగాలి. మళ్ళీ ఎక్కాలి. ఎవరి వల్ల అవుతుంది? సన్నాసి అటు తిరగ్గానే టప్పున ఉమ్మేసి, ఏమీ ఎరగనట్టు ఆకాశం వైపు చూశాడు. దారి పొడుగునా ఇదే పని. రాతి సందుల్లో ఇసుక దొరికితే నోరు నింపుకోవడం, ఉండ కాగానే దొంగచాటుగా వదలడం. ఆకాశాన్ని అంత శ్రద్ధగా చూసిన పీత అంతకుముందు లేదు.

మొత్తానికి గుట్ట అవతలికి చేరారు. అక్కడ నిజంగానే గుల్లల కుప్ప ఉంది! సన్నాసికన్నా పోలయ్యే ఎక్కువ ఆశ్చర్యపోయాడు, కానీ బయటపడలేదు. సన్నాసి ఒక గుల్లలో దూరాడు, వదులు. ఇంకో దాంట్లో దూరాడు, కంపు. చారల గుల్ల ఒకటి అతికినట్టు సరిపోయింది.

"రెండు గదులున్నట్టుంది బావా! నీ మేలు మర్సిపోను" అంటూ గిర్రున తిరిగాడు.

అప్పుడు సముద్రం గొంతు సవరించుకుంది. "ఎనక్కెళ్ళింది సాలు. నానొస్తన్నాను, తప్పుకోండి!"

పోటు మొదలైంది.

ఇద్దరూ వెనక్కి పరిగెత్తారు. నీళ్ళ గుంట కనపడలేదు.

"గుంటా? నా కడుపులో ఉంది. వచ్చి సూసుకో" అంది అల.

ఎలాగో పైకి ఎగబాకి రాతి నీడ దగ్గరకి వచ్చారు. పొద్దున ఒకవైపు సాగిన ముక్కు ఇప్పుడు ఇంకోవైపు తిరిగి ఉంది.

"నన్నంటావేటి? సూరీడు ఎటు పొమ్మంటే నానటు" అంది నీడ.

తెల్లకొంగ వేరే రాతి మీద ఉంది. "నేను నీ గుర్తునా? ఆ సంగతి నాకు ముందే చెప్పాలి కదా నాయనా! కొంచెం దగ్గరికి రా, నింపాదిగా మాట్లాడుకుందాం" అని మెడ సాచింది. ఇద్దరూ గబుక్కున రాతి సందులో దూరారు.

పోలయ్య అక్కడే కూలబడ్డాడు. "సూసినావా నా తెలివి! ఈ గుట్ట మీద కదలని రాళ్ళు ఇన్నున్నాయి. అవన్నీ ఒదిలీసి, కదిలేవే ఏరుకున్నాను. ఇంకా నయం, మబ్బుని గుర్తెట్టుకోలేదు."

"పెట్టుకున్నావు బావా. బయల్దేరినప్పుడు" అన్నాడు సన్నాసి మెల్లగా.

పోలయ్యకి నవ్వొచ్చింది. నవ్వు వెనకే ఏడుపూ వచ్చింది. తన బొరియ, అందులోని వెచ్చదనం గుర్తొచ్చాయి. "నువ్వు గుల్లలోకి పోరా. నీ ఇల్లు నీతోనే ఉంది. ఇల్లు మోస్తన్నావని నిన్ను ఎక్కిరించినోడికి ఇలాగే అవ్వాల."

"నా కోసం వచ్చినోడివి. నిన్ను ఇంటికాడ దింపకుండా కొత్తింట్లో నాకు నిద్దరెలాగ పడతాది?" అన్నాడు సన్నాసి. అని, రాయి అంచున ఏదో చూసి ఆగాడు. "బావా, అదేటి?"

రాతి మీద గుండ్రంగా ఒక ఇసుక ఉండ.

పోలయ్య సిగ్గుతో ముడుచుకుపోయాడు. "ఎవరో ఉమ్మీసినారు. ఛీ! మర్యాద తెలీనోడు."

"ఆ మర్యాద తెలీనోడు మనం వచ్చిన దారినే వచ్చినట్టున్నాడు. అదిగో, అక్కడింకోటి."

ఈలోగా అల వచ్చి ఒక ఉండని నాకేసింది, కొంగ ఎగిరిపోయింది. చల్లటి నీళ్ళు పోలయ్య కాళ్ళకి తగిలాయి.

"నావే! అన్నీ నావే! ఎన్ని ఉమ్మినానో నాకే తెల్దు! పరిగెత్తరా!" అని అరిచాడు పోలయ్య.

ఉండ నుంచి ఉండకి ఇద్దరూ పరిగెత్తారు. వెనకాలే అల ఒక్కొక్కటే తుడుచుకుంటూ వచ్చింది. చివరి రాయి దిగేసరికి ఎదురుగా ఇసుక, ఇసుకలో బొరియ. పోలయ్య ఒక్క దూకు దూకి లోపలికి దూరి తలుపు మూసుకున్నాడు. సన్నాసి బయటే చారల గుల్లలోకి ముడుచుకున్నాడు. అల వాళ్ళ మీదుగా వెళ్ళిపోయింది.

సముద్రం వెనక్కి తగ్గాక పోలయ్య బయటికి వచ్చి, పీతలందరినీ పిలిచి, తన ఘనకార్యం తనే చెప్పాడు. అందరికన్నా ముందు తనే నవ్వాడు. "నా బుర్ర సెడగొట్టింది, నా నోరు కాపాడింది. మాటలాడిన నోరు కాదు, ఉమ్మిన నోరు" అన్నాడు.

తర్వాత బొరియ ముందు కూర్చుని ఇసుక తిన్నాడు. ఉండని అల దాకా మోయకుండా అక్కడే పెట్టాడు. దాని పక్కన ఇంకోటి పెట్టాడు. మిగతా పీతలు ముక్కున వేలేసుకున్నాయి. తెల్లారి చూస్తే ఆ పీతల వాకిళ్ళలో కూడా ఉండల వరసలు ఉన్నాయి.

అప్పటినుంచే ఇసుక పీతలు బొరియ చుట్టూ ఉండలు పేరుస్తున్నాయి. ప్రతి పోటుకీ సముద్రం వాటిని తుడిచేస్తుంది, నీళ్ళు తగ్గగానే అవి మళ్ళీ మొదలుపెడతాయి. ఎవరైనా దగ్గరకొస్తే ఆ ఉండల దారినే ఇంట్లోకి పరిగెడతాయి. ఎంత తెలివైన పీతైనా సరే, తన చివరి ఉండ దాటి ఒక్క అడుగు కూడా వెయ్యదు.