తాడు పట్టినవాడి ఒర

అనగనగా ఒక కొండ. దాని పేరు జుంటికొండ. ఒక పక్క మెల్లగా అడవిలోకి దిగుతుంది. ఇంకో పక్క మాత్రం ఎవరో గొడ్డలితో నరికినట్టు నిటారుగా లోయలోకి దిగిపోతుంది. ఆ నిటారు రాతికి వేసవి వస్తే చాటలంత చాటలంత తేనెపట్లు వేలాడేవి. కొండమీద గూడెం కట్టుకున్నవాళ్ళకు ఆ తేనే తిండి, ఆ తేనే బట్ట.

తేనె కొయ్యాలంటే ఒకడు నడుముకు నారతాడు కట్టుకుని లోయలోకి దిగాలి. పైన ఒకడు ఆ తాడు పట్టుకోవాలి. ఎవరు పడితే వారు పట్టడానికి వీల్లేదు. దిగేవాడి బావమరిదే పట్టాలి. అది గూడెం కట్టుబాటు. అన్నదమ్ములు పట్టకూడదా అని మీరు అడగవచ్చు. అన్నదమ్ముల మధ్య వాటాలుంటాయి, వాటాలున్న చోట తగాదాలుంటాయి. బావమరిది తాడు వదిలితే గుండె బాదుకుని ఏడ్చేది అతని తోబుట్టువే కదా! అందుకని ఆ పని అతనికి అప్పగించారు. పెద్దవాళ్ళు చాలా ఆలోచించి పెట్టిన కట్టుబాటు అది.

దానికి తోడు ఇంకొకటి ఉంది. తాడు పట్టేవాడే దిగేవాడి కత్తికి ఒర చేసి ఇవ్వాలి. తేనె కోసే కత్తి మూరెడు పొడవు, మహా పదును. అది నడుమున ఉంటుంది. తాడూ నడుముననే ఉంటుంది. ఒర బాగుండకపోతే కత్తి ముందుగా కోసేది తేనెపట్టును కాదు.

ఆ గూడెంలో బయ్యన్న అని ఒకడుండేవాడు. కొండగోడ మీద బల్లిలా పాకే మనిషి. ధైర్యం ఎక్కువ, ఓపిక తక్కువ. అతని భార్య ఈరమ్మ. ఈరమ్మ తమ్ముడు గురవయ్య. గురవయ్య ఎంత నెమ్మదస్తుడంటే, ఆకలేస్తుందని చెప్పడానికి కూడా కాసేపు ఆలోచించేవాడు.

ఆ ఏడు వానలకు బయ్యన్న పాత ఒర నాని కుళ్ళిపోయింది. కొత్త ఒర చెయ్యమని గురవయ్యను అడిగాడు. గురవయ్య సరేనన్నాడు. కత్తిని చెక్క మీద పెట్టి బొగ్గుతో గీత గీసుకున్నాడు. ఆ తర్వాత ఉలి పట్టలేదు, చెక్క ముట్టలేదు. బయ్యన్న వెనకాలే తిరగడం మొదలుపెట్టాడు. బయ్యన్న చెట్టెక్కితే కింద నిలబడి చూస్తాడు. వాగు దాటితే ఒడ్డున ఆగి చూస్తాడు. గొంతుక్కూర్చుని గంజి తాగుతుంటే ఎదురుగా కూర్చుని చూస్తాడు.

బయ్యన్నకు చిర్రెత్తుకొచ్చింది. "ఏంది బామ్మర్దీ, కత్తికి ఒర చేస్తున్నావా, నాకు జాతకం రాస్తున్నావా?"

"చూస్తున్నా బావా."

"ఏం చూస్తున్నావు?"

"అదింకా తెలీలేదు."

"నువ్వు ఒర చేసేలోపు కత్తి తుప్పు పట్టిపోద్ది!" అని బయ్యన్న కొండ దిగి సంతకు వెళ్ళాడు.

సంతలో ఒక వ్యాపారి ఒరలు అమ్ముతున్నాడు. ఎర్ర ముఖమల్ ఒర ఒకటి తీసి బయ్యన్న నడుముకు తగిలించాడు. దానికి పూసల కుచ్చులు, లోపల దూది మెత్తలు. "ఎలా ఉంది? కట్టుకున్నట్టు తెలుస్తోందా?" అని అడిగాడు. తెలియడం లేదన్నాడు బయ్యన్న. "అదే దీని గొప్ప!" అన్నాడు వ్యాపారి. బయ్యన్న ఒక కుండ తేనె ఇచ్చి ఒర తెచ్చుకున్నాడు.

నిజంగానే ఆ ఒర హాయిగా ఉంది. కూర్చున్నా గుచ్చుకోలేదు, నడిచినా ఊగలేదు. నడుమున కత్తి ఉందన్న సంగతే బయ్యన్న మరిచిపోయాడు. మరిచిపోయిన మనిషి ఒకనాడు తడిసిన బండ మీంచి గభాలున కిందికి దూకాడు. ఒర కుట్లు ఊడి కత్తిమొన బయటికొచ్చి తొడలో దిగింది.

ఈరమ్మ పసుపు అద్ది గుడ్డ కట్టింది. గురవయ్య ఆ ఒరను తిప్పి తిప్పి చూశాడు.

"బావా, కుట్టు పదును వైపుకి వచ్చింది. కత్తి తీసినప్పుడల్లా కాస్త కాస్త దారం తెగింది. ఇదిక కట్టుకోడానికి పనికిరాదు."

బయ్యన్నకు తొడలో పోటుకంటే ఆ మాట ఎక్కువ బాధ పెట్టింది. గోడవైపు తిరిగి పడుకున్నాడు.

అతని కాలు మానుతున్న రోజుల్లో ఆ దేశపు రాజు ప్రతాపసేనుడు వేటకు వచ్చాడు. అలసిపోయి గూడెంలో ఆగాడు. బయ్యన్న దోసెడు తేనె ఇచ్చాడు. రాజుకు ప్రాణం లేచి వచ్చింది.

"ఓయీ, నీకేమి కావలెనో కోరుకో" అన్నాడు.

"మంచి ఒర కావాలి మారాజా."

రాజు నవ్వాడు. పరివారాన్ని పిలిచి ఒక వెండి ఒర తెప్పించాడు. దాని మీద సింహాలు, లతలు. మూతి దగ్గర రెండు గొళ్ళేలు. వెంట వచ్చిన పనివాడు లోపల చెక్కముక్కలు వేసి బయ్యన్న కత్తికి సరిపెట్టాడు.

"మా నడుమున ఉన్నది దీని జతయే. తలకిందులుగా వ్రేలాడినను కత్తి జారదు. తేనెకోతనాడు మేము వచ్చి కళ్ళారా చూచెదము" అని చెప్పి రాజు వెళ్ళిపోయాడు.

గూడెమంతా వచ్చి ఆ ఒరను తడిమి చూసింది. ఒక్క పెద్దాయన మాత్రం దూరంగా నిలబడి గొణిగాడు. "ఒర ఇచ్చినవాడే గదా తాడు పట్టాల. ఇదేం పద్ధతి?"

"అయితే ఏంది పెద్దయ్యా, రాజొచ్చి నా తాడు పట్టుకుంటాడా?" అన్నాడు బయ్యన్న. అందరూ పకపకా నవ్వారు. తాడు గురవయ్యే పట్టేటట్టు తేల్చేశారు. గురవయ్య నవ్వలేదు. కాదనీ అనలేదు.

పెద్దకోతకు ముందు, పట్లు ఎంతవరకు నిండాయో ఒక ముక్క కోసి చూడడానికి బయ్యన్న ఒకసారి దిగాడు. ఈరమ్మ పచ్చాకుల కట్టకు నిప్పంటించి, పొగలు కక్కుతున్న ఆ కట్టను వేరే తాడుతో పట్టు దగ్గరికి వదిలింది. పొగకు తేనెటీగలు పక్కకు తొలగాయి. పొగ ఆరేలోపు కోసుకుని పైకి రావాలి. అదీ లెక్క.

బయ్యన్న కత్తి కోసం చెయ్యి వేశాడు. ఒక గొళ్ళెం తీస్తే రెండోది బిగుసుకుంటోంది. రెండూ ఒక్కసారే నొక్కాలి. దానికి రెండు చేతులూ కావాలి. రాజుగారికి రెండు చేతులూ ఎప్పుడూ ఖాళీగానే ఉంటాయి. కొండగోడకు వేలాడే మనిషికి ఉండవు. పైగా గట్టి వెండి ఒర డొక్కలో పొడుచుకుంటోంది. ఊపిరి సరిగా ఆడటం లేదు.

తాడు మీంచి రెండు చేతులూ తీశాడు. గిరగిరా తిరిగిపోయి భుజం రాతికి కొట్టుకున్నాడు. అంతలో పొగ ఆరింది. ఈగలు తిరిగొచ్చాయి. కేక విని గురవయ్య తాడు లాగాడు. ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా లాగాడు.

పైకి వచ్చిన బయ్యన్న ముఖం గుమ్మడికాయంత అయింది. కత్తి మాత్రం ఒరలో భద్రంగా ఉంది.

ఈరమ్మ ఈగల ముళ్ళు తీస్తూ ఏడ్చింది, ఏడుస్తూ తిట్టింది. "నువ్వు లోయలో పడి పోయాక ఆ వెండిని నేను కరిగించుకుని తాగాలా?"

బయ్యన్న చూపు గురవయ్య చేతుల మీద పడింది. అరచేతుల తోలు లేచిపోయి ఎర్రగా ఉంది. గురవయ్య ఆ చేతులను వెనక్కి దాచుకున్నాడు. బయ్యన్నకు సిగ్గేసింది. ముఖం వాచి ఉంది కాబట్టి ఆ సిగ్గు ఎవరికీ కనపడలేదు.

"బావా, ఇప్పుడు తెలిసింది" అన్నాడు గురవయ్య.

"ఏం తెలిసింది?"

"నువ్వు అన్నం కుడిచేత్తో తింటావు, గొడ్డలి కుడిచేత్తో పడతావు. గాల్లో ఉంటే ఆ చెయ్యి తాడును వదలదు. భయమేస్తే అసలే వదలదు. రెండు చేతులూ తీసినవాడివి, మళ్ళీ ముందుగా తాడు అందుకుంది ఆ చేత్తోనే. నీకు ఖాళీగా ఉండేది ఎడమ చెయ్యి. ఒర ఆ చేతికి అందాల."

ఆ తర్వాత అతను ఆలస్యం చెయ్యలేదు. తేలిక చెక్కను రెండు బద్దలుగా చెక్కి, కత్తి కూర్చునేంత మేర లోపల తొలిచాడు. మీద మేకతోలు బిగించి, కుట్టును మొండివైపు వేశాడు. ఒర మూతి కత్తి మెడను బిగించి పట్టేటట్టు చేశాడు. అడుగున చిన్న బొక్క పెట్టాడు, తేనె, చెమట, వాననీళ్ళు కారిపోయేందుకు. నడుముకు ఒక తోలుపట్టీ, తొడకు ఒక తోలుపట్టీ పెట్టాడు, ఊగకుండా. పిడి మీద తోలు ఉచ్చు ఒకటి వేశాడు, బొటనవేలితో నెడితే తప్పుకునేలా.

తెచ్చి బయ్యన్నకు ఎడమపక్కన కట్టాడు. "కూర్చో" అన్నాడు. కూర్చున్నాడు, గుచ్చుకోలేదు. "కొమ్మకు కాళ్ళు మెలేసి తలకిందులుగా వేలాడు" అన్నాడు. వేలాడాడు, కత్తి జారలేదు. "కళ్ళు మూసుకుని తియ్యి" అన్నాడు. బయ్యన్న బొటనవేలు కదిలింది, కత్తి చేతిలో ఉంది.

"ఎట్టా ఉంది బావా?"

"కట్టుకున్నట్టు తెలుస్తానే ఉంది" అన్నాడు బయ్యన్న. "కానీ బాగుంది."

తేనెకోత రోజు వచ్చింది. పల్లకీ దిగి రాజూ వచ్చాడు, వెనకాల మంత్రులు వచ్చారు. రాజు బయ్యన్నను ఎగాదిగా చూశాడు.

"మేమిచ్చిన ఒర ఏది?"

మంత్రులు బయ్యన్నకు సైగలు చేశారు. పోయిందని చెప్పు, దేవుడి దగ్గర పెట్టానని చెప్పు అన్నట్టు కళ్ళెగరేశారు. బయ్యన్నకు అబద్ధం నోటిదాకా వచ్చింది. పక్కన గురవయ్య చేతులు కనపడ్డాయి. అప్పటికింకా వాటికి గుడ్డలు కట్టే ఉన్నాయి.

"ఇంట్లో ఉంది మారాజా. అది భద్రమే. కానీ వేలాడే మనిషికి పనికిరాదు. దానివల్ల ఒకసారి చావుదాకా పోయి వచ్చాను. ఇప్పుడు కట్టుకున్నది మా బామ్మర్ది గురవయ్య చేసింది."

రాజు ముఖం కందగడ్డ అయింది. "మా ఆయుధశాల ఒర పనికిరాదా? మా బాకు ఇన్నేండ్లుగా అట్టి ఒరలోనే యున్నది. పోయి తెచ్చి కట్టుకో. ధరించి దిగితివా సరి, లేనిచో ఈ కొండపై మీకు తేనె లేదు, గూడెము లేదు."

గూడెమంతా కొయ్యబారిపోయింది. దిగితే బయ్యన్న ప్రాణం పోతుంది. దిగకపోతే అందరి బతుకూ పోతుంది.

అప్పుడు ఈరమ్మ ముందుకు వచ్చి దణ్ణం పెట్టింది. "అట్టాగే మారాజా. కట్టుకునే దిగుతాడు. మాదో కట్టుబాటుంది. ఒర ఇచ్చినవాడే తాడు పట్టాల. అది మీరు దాటించమాకండి."

రాజు అహంకారి అయినా పిరికివాడు కాదు. "ఇంతేనా!" అని ఉత్తరీయం మంత్రి చేతికిచ్చి తాడు అందుకున్నాడు. ఈరమ్మ వెండి ఒర తెచ్చి మొగుడి నడుముకు కట్టింది. గురవయ్య చప్పుడు చెయ్యకుండా తాడు రెండో కొసను ఒక చెట్టుకు ముడివేశాడు.

బయ్యన్న అంచు దాటి ఒక నిలువు లోతుకు దిగి ఆగాడు. నిండు మనిషి బరువు రాజు చేతుల్లోకి వచ్చింది. రాజు ఎన్నో యుద్ధాలకు ఉత్తరువులిచ్చాడు గాని, ఒక మనిషి ప్రాణం ఎంత బరువుంటుందో అతని చేతులకు తెలియడం అదే మొదటిసారి. కిందికి చూశాడు. లోయ అడుగు కనపడలేదు. ఈరమ్మ వైపు చూశాడు. ఆమె తాడు వైపు కాదు, అతని చేతుల వైపు చూస్తోంది.

రాజుకు ఏదో తోచింది. తాడును కుడిచేత చుట్టి, ఎడమచేత్తో తన నడుమునున్న బాకు తియ్యబోయాడు. ఒక గొళ్ళెం తీశాడు, రెండోది బిగిసింది. దాన్ని తీశాడు, మొదటిది పడింది. నుదుట చెమట పట్టింది. మంత్రులు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

"ఇతనిని పైకి లాగుడు!" అని రాజు అరిచాడు. గురవయ్య పరుగున వచ్చి తాడు పట్టాడు.

బయ్యన్న పైకి వచ్చాక రాజు తానే వంగి వెండి ఒర విప్పాడు. "ఇది కట్టి నిన్ను దింపి, నీ తాడును పట్టుకొని నిలబడగల గుండె నాకు లేదు. నీ బావమరిది చేసినది కట్టుకో" అన్నాడు.

ఆ రోజు బయ్యన్న మేకతోలు ఒరతో లోయలోకి దిగాడు. పొగ లేచింది, బొటనవేలు కదిలింది, పట్టు తెగింది, కత్తి మళ్ళీ ఒరలోకి వెళ్ళింది. సాయంత్రానికి కుండలన్నీ నిండాయి.

వెళ్ళబోతూ రాజు గురవయ్యను పిలిచాడు. "మాకును అట్టి ఒర చేసి ఇమ్ము."

గురవయ్య తన అలవాటు ప్రకారం కాసేపు ఆలోచించాడు.

"చేస్తాను మారాజా. కొన్నాళ్ళు మీ వెనకాల తిరిగి చూడాల. కానీ ఒర చేసినవాడే గదా తాడు పట్టేది. నేను కొండమీద, మీరు కోటలో. అక్కడ మీ తాడు పట్టేదెవరు?"

రాజు వెనక్కి తిరిగి మంత్రుల వైపు చూశాడు. మంత్రులు నేల వైపు చూశారు. రాజు కొండ దిగి వెళ్ళిపోయాడు.

కథ విన్నారు కదా, ఇక మీరూ మీ నడుముకు ఏది కట్టుకున్నా దాని మెత్తదనమో మెరుపో చూసి మోసపోకండి. అది ఇచ్చినవాడు మీ తాడు పట్టుకుని నిలబడతాడా అన్నది ముందు చూసుకోండి.