రత్నం పిన్ని పారబోయని గంజి

ఏమే, ఇలా రా. ఇందాక వంటింట్లో ఏం చూశావు? చెప్పు! నేను పాస్తా వార్చి గిన్నె పక్కన పెడితే, "ఛీ అమ్మమ్మా, జిగురు నీళ్ళు, పారబొయ్యి" అన్నావు. జిగురు నీళ్ళట! దుప్పటి కప్పుకో, చెబుతాను.

అనగనగా ఒక ఊరు. ఆ ఊళ్ళో ఆడపిల్లల హాస్టలు. అక్కడ వంటంతా నూకరత్నం చేతి మీదే. పిల్లలు ఆవిణ్ణి రత్నం పిన్నీ అనేవారు. సరుకులు ఏమిస్తే అవే వండాలి కదా, వారమంతా గుమ్మడికాయ పులుసే. పిల్లలు సగం తిని సగం వదిలేసేవారు.

అప్పుడు వార్డెన్ మేడం వచ్చింది. ఎంగిలి బకెట్ చూసింది. "రత్నం, రాత్రికి కూడా ఈ బకెట్ నిండిందంటే, రేపటి నుంచి బయట నుంచి పొట్లాలు తెప్పిస్తాను. నువ్వు రానక్కర్లేదు" అంది.

ఆ పని పోతే రత్నం ఇంట్లో పొయ్యి వెలగదు. అయినా ఏడుస్తూ కూర్చోలేదు. ఏడిస్తే అన్నం ఉడుకుతుందా?

మూల చూస్తే, ఎవరో పుట్టినరోజుకిచ్చిన పాస్తా మూట ఉంది. బుట్టలో వడిలిన టమాటాలు, సగం క్యాబేజీ, క్యారెట్ ముక్కలు, ఒక ముడతల క్యాప్సికం. "ఇటలీ వాళ్ళ వంటట కదా, చూద్దాం" అనుకుంది.

ముందు ఒక దోసెడు పాస్తా తీసుకుంది. ఉప్మాకి పోసినట్టు ఎసరు పోసి, మూతపెట్టి మగ్గబెట్టింది. మూత తీస్తే ఏముంది? పిండిముద్ద!

"పిన్నీ, ఇది తినడానికా, గోడకి పుయ్యడానికా?" అంది పైడి అనే పిల్ల. "నేను ఫోన్లో చూశాను. వార్చేసి చన్నీళ్ళతో కడగాలి."

ఆ తర్వాత ఇంకో దోసెడు వండింది. వార్చింది, కడిగింది, టమాటా పులుసులో కలిపింది. ముద్ద కాలేదు. కానీ టమాటా పులుసంతా జారి పళ్ళెం అడుక్కి పోయింది. పాస్తా వెలవెలబోయింది.

అప్పటికి భోజనాల వేళ దగ్గరపడింది. ఇక మూటంతా పెద్ద డేగిసాలో వేసేసింది. వెల్లుల్లి, ఎండుమిర్చి నూనెలో వేయించి, కూరముక్కలన్నీ వేసి మగ్గించింది. పాస్తా వార్చేటప్పుడు అలవాటు కొద్దీ కింద గిన్నె పెట్టింది.

"ఆ నీళ్ళెందుకు పిన్నీ, పారబొయ్యి" అంది పైడి.

"గంజి పారబోసే చెయ్యి కాదే ఇది! కరువులో మా అమ్మ మా నలుగుర్నీ గంజితోనే బతికించింది" అంది రత్నం. అంటూనే ఆ నీళ్ళు వేలితో తాకి చూసింది. చిక్కగా ఉన్నాయి. గంజే!

అప్పుడు రెండు గరిటెల గంజి కూరలో పోసింది. పులుసు చిక్కబడింది, నిగనిగలాడింది. ఈసారి పాస్తాని కడగలేదు. వేడివేడిగా అందులో వేసి తిప్పింది. చూడాలి నువ్వు! ప్రతి ముక్కకీ ఎర్రగా పట్టుకుంది.

పిల్లలు ఒకసారి వడ్డించుకున్నారు. రెండోసారి వడ్డించుకున్నారు. మూడోసారి వచ్చి డేగిసా అడుగు గీకారు.

ఆ తర్వాత మేడం వచ్చి బకెట్లోకి తొంగి చూసింది. అడుగు కనిపించింది. వెల్లుల్లి వాసనకి ఆవిడకీ నోరూరింది.

"రత్నం, నాకేమైనా మిగిల్చావా?"

"మిగిలితే పనిలోకి రావద్దన్నారు కదండీ. మిగల్చలేదు!"

పిల్లలు ఘొల్లున నవ్వారు. మేడం కూడా నవ్వేసింది. "రేపు కాస్త ముందే రా. నా వంతు ముందే తీసి పెట్టు" అంది. రత్నం పిన్ని తల పైకెత్తుకుని ఇంటికి నడిచింది.

కథ వెళ్ళింది కంచికి,
గంజి చేరింది గిన్నెకి,
నువ్వు జారుకో నిద్దట్లోకి.

ఆగు, కళ్ళు మూసేముందు చెప్పు. ఇందాక నువ్వు పారబొయ్యమన్న గిన్నెలో ఏముందే?