తట్ట దించని ఎర్నమ్మ

సముద్రం ఇంకా ఊరికి ఎడంగా ఉన్న కాలం. రేవులో తెరచాప ఓడలు ఆగే కాలం. ఆ రేవులో ఒక దొర తాగుడు మేడ కట్టించాడు. ఎర్ర ఇటుక గోడలు, రంగు గాజుల కిటికీలు, నిలువెత్తు అద్దాలు, పడవంత పొడుగు టేకు బల్ల. బల్ల మధ్యలో అదే టేకు చెక్క అడ్డుగోడ. ఇటు దొరలు, అటు కూలీలు. ముందు గుమ్మం ఏనుగు పట్టేంత. వెనక గుమ్మం మేకకు సరిపోయేంత.

"కూలోడు నా మేడలోకి తల వంచే రావాలి" అన్నాడు దొర. వాడి మేడ, వాడిష్టం. వాడి పొగరు మాత్రం మన నెత్తిన.

మేడ ఇంకా కడుతున్నప్పుడు లోపలి గోడలకు సున్నం మోసేది ఎర్నమ్మ. మొదటి రోజు తట్ట నెత్తిన పెట్టుకుని ముందు గుమ్మంలోంచి నడిచింది.

"వెనకనుంచి వంగి రా" అన్నాడు దొర.

"వంగితే తట్ట పడిపోద్ది బాబూ."

రెండో రోజూ ముందు గుమ్మమే.

"తట్ట దించి, వంగి రా."

"దించితే మల్లా ఎత్తీదెవరు బాబూ? నువ్వెత్తుతావేటి?"

కూలీలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు. దొర మొహం ఇటుక రంగుకు తిరిగింది.

మూడో రోజు ఆమెను పనిలోంచి తీసేశాడు. దొరకు జడిసి రేవులో ఇంకెవరూ పని ఇవ్వలేదు. ఎర్నమ్మ గంజి తాగి బతికింది. అయినా రోజూ పొద్దున్నే ఖాళీ తట్ట నెత్తిన పెట్టుకుని ఆ ముందు గుమ్మం ఎదట నిలబడేది. మేడ పూర్తయింది. కూలీలు వంగి వెళ్లి తాగారు, వంగి బయటికొచ్చారు. ఆమె వంక చూడ్డానికి సిగ్గుపడ్డారు. అలా నిలబడే ఆమె ముసలిదైంది, పోయింది.

శ్మశానానికి ముందు పాడె దించి, పోయినవాళ్ల పేరు మూడుసార్లు పిలుస్తారు కదా, ప్రాణముంటే లేస్తారని. కూలీలు ఎర్నమ్మ పాడెను మేడ ముందు గుమ్మం దగ్గరే దించారు.

"ఎర్నమ్మా" అన్నారు. పలకలేదు.

"ఎర్నమ్మా" అన్నారు. పలకలేదు.

"ఎర్నమ్మా" అన్నారు. ఆమె పలకలేదు గాని, రేవులో పని మధ్యలో లేచొచ్చిన సున్నం మోసే ఆడవాళ్లు "ఓయ్" అన్నారు. తట్టలు నెత్తిన పెట్టుకుని ముందు గుమ్మంలోంచి నేరుగా నడిచారు. వాళ్ల వెనక మగాళ్లు.

"వంగండి, వంగండి" అని దొర అరిచాడు.

"వంగితే తట్ట పడిపోద్ది బాబూ" అన్నారందరూ, తట్ట లేనివాళ్లు కూడా. బల్ల మధ్యనున్న చెక్క అడ్డుగోడ పీక్కొచ్చి ఎర్నమ్మ చితికి పేర్చారు. టేకు కదా, బాగా మండింది.

ఇప్పుడు ఆ దొర లేడు, అక్కడ సారా లేదు. వెనక గుమ్మం పూడ్చేశారు. ఆ మేడలోకి వెళ్లేవాళ్లు ఇప్పటికీ గుమ్మం దాటేటప్పుడు ఒక చెయ్యి పైకెత్తుతారు, నెత్తిన తట్ట పట్టుకున్నట్టు. ఆ రేవులో ఏ మొనగాడైనా "వంగరా" అంటే, చంటిపిల్లాడు కూడా చెప్పే జవాబు ఒకటే:

"నెత్తిన ఎర్నమ్మ తట్టుంది బాబూ."