తిరుపాలు నక్కకు తగిలిన అడ్డగాలి

ఎర్రగుట్టల కింద జంతువులకు ఏటా ఆషాఢంలో సైకిల్ పందెం జరుగుతుంది. ఒక్క పూటలో తేలిపోయే పందెం కాదది. రోజుకొక పొలిమేర దాకా తొక్కాలి, మర్నాడు మళ్ళీ అక్కణ్ణుంచే బయల్దేరాలి. ఏ రోజుకా రోజు, అప్పటిదాకా మొత్తం కలిపి ఎవరు తక్కువ సమయంలో తొక్కితే వాళ్ళ మెడలో పసుపు కండువా పడుతుంది. జంతువులు సైకిలెలా తొక్కుతాయని మీరడగొచ్చు. పడుతూ లేస్తూ తొక్కుతాయి, మనం నేర్చుకున్నట్టే.

ఆఖరి రోజున కండువా ఎవరి మెడలో మిగిలితే ఏడాది పాటు కోళ్ల గూటి కాపలా వాళ్ళది, తాళంచెవి కూడా వాళ్ళదే. అది ఎప్పట్నుంచో వస్తున్న కట్టుబాటు. చాలాకాలం ఒక ముసలి కుక్కే పందెం గెలిచి ఆ కాపలా చూసింది. ఈ ఏడు దానికి నడుం పట్టేసింది, సైకిలెక్కలేనని చెప్పేసింది. ఆ మాట చెవినపడ్డ రోజే తిరుపాలు నక్క వెళ్ళి తన సైకిల్ గొలుసుకు నూనె పెట్టుకున్నాడు.

కాపలా మీద తిరుపాలుకు ఎంత మోజో కోళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. ఏ పండక్కి ఏ పెట్ట అన్నది కూడా వాడప్పుడే ఖాయం చేసి పెట్టుకున్నాడు.

అయితే తిరుపాలుకు కష్టపడడం చిన్నప్పట్నుంచీ పడదు. అందుకని వాడు ఓబన్న ఎద్దును చూసుకున్నాడు. ఓబన్న మనిషంత మంచివాడని అందరూ అనేవారు, మనుషుల్ని దగ్గరగా చూడని అడవి అది. అతని ఒళ్ళు గడ్డివామంత వెడల్పు. ఎదురుగాలిలో ముందు తొక్కేవాడు గాలినంతా తను కాస్తాడు, వెనక చేరినవాడికి ఆ చాటున సగం శ్రమే. తిరుపాలు రోజూ పొద్దున్నే ఓబన్న వెనక చక్రానికి ముక్కు ఆనించి, పొలిమేర గీత కనబడేదాకా ఆ చాటు వదిలేవాడు కాదు. గీత కనబడగానే పక్కకు తప్పుకుని రివ్వున ముందుకు దూకేవాడు. అప్పటికి ఓబన్న ఆయాసంతో నాలుక బయటపెట్టి ఉండేవాడు.

మేకలు కూడా ఓబన్న వెనకే వచ్చేవి గానీ, వాటికి సిగ్గుండేది. కాసేపు చాటున తొక్కి, కాసేపు తాము ముందుకెళ్ళి గాలి కాసేవి. నీ వంతెప్పుడని తిరుపాలును అడిగితే మోకాలు పట్టుకుని మూలిగేవాడు. ఆ మోకాలు గీత దగ్గరకొచ్చేసరికి రోజూ చక్కగా నయమైపోయేది. అలా మొదటి రోజు నుంచీ పసుపు కండువా వాడి మెడలోనే ఉంది, ఓబన్న రవ్వంత తేడాతో రెండోవాడు.

ఆఖరి రోజు బయల్దేరేముందు ఓబన్న సైకిల్ దగ్గర గుసగుసలు వినబడితే తిరుపాలు చెవులు రిక్కించాడు. ఓబన్న హ్యాండిల్‌కు కట్టిన బుట్టలో సుంకమ్మ అనే కోడి కూర్చుని ఉంది. దారిలో గోతులు చూసి చెప్పడం ఆమె పని. ఓడిపోతే పోయేది ఆమె పిల్లలు గనక, ఎవరూ అడక్కుండానే ఆ పని మీదేసుకుంది.

"ఈ పొద్దు కూడా వాడు నీ ఎనకనే వస్తే మా గతేంది ఓబన్నా?" అంటోంది సుంకమ్మ.

"వద్దంటే ఇంటాడా తల్లీ. గీతకాడ నేను ఎగరలేను. బండి లాగే కాళ్ళు ఇవి" అన్నాడు ఓబన్న.

తిరుపాలుకు కడుపు నిండినంత హాయిగా అనిపించింది. కండువా సర్దుకుని, తోక దువ్వుకున్నాడు. ఆ తోకంటే వాడికి ప్రాణం. కుచ్చులా విచ్చుకున్న ఆ తోకను జెండాలా నిలబెట్టుకునే తొక్కేవాడు.

పందెం నడిపే ఎలుగుబంటి ఈల ఊదింది. పందెం కనుమలో పడింది. కనుమంతా ఎదురుగాలే. ఓబన్న తల వంచి ఈడుస్తున్నాడు, తిరుపాలు వెనక కూనిరాగం తీస్తున్నాడు. మధ్యలో ఒక మేక ముందుకు రమ్మంటే, మోకాలి మీద ఆకు పసరు కట్టు చూపించాడు.

కనుమ దాటాక దారి కుడివైపు తిరిగి మైదానంలోకి దిగుతుంది. అక్కడ చెట్టు లేదు, గట్టు లేదు. దూరంగా గాలిమరలు, రోడ్డు అంచునే తుమ్మకంప, అంతే. మలుపు తిరగ్గానే సుంకమ్మ తోక ఈకలు కుడివైపుకు లేచిపోయాయి. కోడి ఎప్పుడూ గాలికి ముఖం పెట్టి నిలబడుతుంది, లేకపోతే ఈకల్లో చలి దూరుతుంది. ఆమె బుట్టలో గిర్రున ఎడమవైపుకు తిరిగి కూర్చుంది.

"ఓబన్నా, గాలి ఇప్పుడు ఎడమ పక్క నుంచి కొడ్తాంది. నీ చాటు నీ ఎనకాల పడదు, కుడి పక్కన పడతాది. నువ్వు ఎడమ అంచుకు పో. మేకల్ని పక్కకు రమ్మను."

ఓబన్న ఎడమ అంచుకు జరిగాడు. మొదటి మేక అతని వెనక చక్రానికి కుడిపక్కగా చేరింది. దానికి కొంచెం వెనగ్గా, ఇంకొంచెం కుడిగా ఇంకో మేక. అలా రోడ్డుకు అడ్డంగా ఏటవాలుగా ఒక వరస ఏర్పడింది. ముందువాడు అలసిపోతే వెనక్కి జారాలి, పక్కవాడు ముందుకు రావాలి. వరస చివర, కుడి అంచున ఒక్క చోటు మిగిలింది.

సుంకమ్మ మెడ తిప్పి పిలిచింది. ఎంతైనా న్యాయం తెలిసిన కోడి.

"తిరుపాలన్నా, ఒక చోటుంది, వస్తే రా. అయితే నీ వంతుకు నువ్వు ముందుకొచ్చి గాలి కాయాల."

తిరుపాలు లోపల్లోపల నవ్వుకున్నాడు. చాటు ఎద్దు వెనక ఉంటుంది, ఇన్ని రోజులూ అక్కడే ఉంది. ఇవాళ పక్కన ఉంటుందట. తనను పని చేయించడానికి కోడి పన్నిన ఎత్తు ఇది.

"నా మోకాలి సంగతి నీకు తెల్సు గదక్కా. ఓబన్న ఎనక నా చోటు నాకుండాది" అని ఎప్పట్లాగే చక్రానికి ముక్కు ఆనించాడు.

మిగిలిన చోటులోకి వెనకబడిన గొర్రె ఒకటి వచ్చి చేరింది. పందెంలో అన్నిటికన్నా మెల్లగా తొక్కేది అదే. ఆ చాటున అది కూడా ఉషారుగా తొక్కడం మొదలుపెట్టింది.

కాసేపటికి తిరుపాలుకు ఆయాసం వచ్చింది. ముందు ఎద్దు ఉంది, గాలి మాత్రం ఎడమ డొక్కలో పొడుస్తోంది. జెండాలా నిలబెట్టిన తోక తెరచాపై, సైకిల్‌ను కుడికి ఈడుస్తోంది. దించుదామంటే తోక మాట వినలేదు. వాడికి మొదటిసారి భయమేసింది. మేకల వెనక్కి జరిగాడు, అక్కడా చాటు లేదు. జరుగుతూ జరుగుతూ కుడి అంచున గొర్రె వెనక్కి చేరాడు. ఆ గొర్రె చాటు సరిగ్గా రోడ్డు దిగిన చోట, తుమ్మకంప మీద పడుతోంది.

"రవ్వంత ఎడమకు జరుగమ్మా" అని గొర్రెను బతిమాలాడు.

"జరిగితే నాకు గాలి కొడ్తాదన్నా" అంది గొర్రె. అబద్ధం చెప్పడం దానికి రాదు.

"సుంకమ్మక్కా, నా మోకాలు నయమైంది. ముందుకొస్తా, గాలి కాస్తా, నాకూ చోటియ్యి."

"ఇయ్యొద్దని కాదన్నా. రోడ్డే అంతుండాది" అంది సుంకమ్మ.

అప్పుడు వచ్చింది ఒక పెద్ద గాలి. గాలిమరలు గిరగిరా తిరిగాయి. తిరుపాలు సైకిల్ ముందు చక్రం పైకి లేచింది, తర్వాత వెనకది కూడా లేచింది, తోక ముందూ వాడు వెనకా తుమ్మకంపలో వెళ్ళిపడ్డారు. పసుపు కండువా ఎగిరిపోయి ఒక గాలిమర రెక్కకు చుట్టుకుంది. వరస మాత్రం వంతులు మార్చుకుంటూ దూరమైపోయింది.

పొలిమేర గీత ఓబన్నే ముందు దాటాడు. తర్వాత ఎంతసేపు చూసినా నక్క జాడ లేదు. సమయాలు కూడి ఎలుగుబంటి తాళంచెవి తెచ్చి ఓబన్న కొమ్ముకు తగిలించబోయింది. ఓబన్న తల అడ్డంగా ఊపాడు. ఎవరి గూటి తాళం వాళ్ళ దగ్గరుంటేనే మంచిదని చెప్పి సుంకమ్మకు ఇప్పించాడు. ఆమె దాన్ని రెక్క కింద దాచుకుంది, కళ్ళు తుడుచుకుంది.

పొద్దు వాలే వేళకు తిరుపాలు సైకిల్ నెట్టుకుంటూ వచ్చాడు. ఒళ్ళంతా ముళ్ళు. కూర్చోలేడు, పడుకోలేడు. ముళ్ళు తియ్యాలంటే సన్నటి ముక్కులు కావాలి, అవి కోళ్లకే ఉన్నాయి. సుంకమ్మ గూడు గూడంతా పిలుచుకొచ్చింది. ఓబన్న వాడి తోక మీద గిట్ట ఆనించి నిలబడ్డాడు.

"నోరు మూసుకుని ఉండన్నా. కదిల్తే ముల్లు లోపలికి పోతాది" అంది సుంకమ్మ.

పెట్టలన్నీ చుట్టూ మూగాయి. ఒకటి చెవి దగ్గర, ఒకటి మెడ దగ్గర, బొద్దుగా ఉన్నది ఒకటి సరిగ్గా మూతి ముందు నిలబడి ముళ్ళు పీకసాగాయి. తిరుపాలు దవడలు బిగించి కూర్చున్నాడు. వాడి కళ్ళలోంచి బొటబొటా నీళ్ళు కారాయి. పాపం నొప్పి కాబోలని ఆ పెట్ట ఇంకొంచెం దగ్గరికి జరిగింది.

నీతి: తన వంతు గాలి కాయనివాడికి, గాలి మళ్ళిన రోజున ఎవరి పక్కనా చోటు మిగలదు.